నాలుగు మంచాల పడవ

మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. ముప్పై ఏళ్ళకు పైగా అమలాపురం, రాజోలు, కొత్తపేట రూట్లలో నిలబడే బతికారు. కూర్చుని తింటే అన్నం అరగదనేవారు. అలాంటి మనిషి రిటైరైన రెండేళ్ళకు, ఒక మే నెల మధ్యాహ్నం, ఒంటి చెప్పుతో ఇంటికొచ్చారు.

నేను అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. తలెత్తి చూశాను. కుడి కాలికి చెప్పు ఉంది. ఎడమ కాలు ఉత్తది.

"రెండో చెప్పేదండీ?" అన్నాను.

ఆయన కిందికి చూసుకున్నారు. ఎవరిదో కాలు తన ఒంటికి తగిలించి ఉన్నట్టు చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేదు. "ఇందాకా ఉందే," అన్నారు మెల్లగా.

బస్సు దిగేటప్పుడు చెప్పు మెట్టు మీదే జారిపోయింది. సాయంత్రం ట్రిప్పులో డ్రైవరు తెచ్చి ఇచ్చేదాకా ఆ సంగతి మాకు తెలియలేదు. బస్టాపు నుంచి మా ఇంటికి కిలోమీటరు దూరం. తారు కరిగి చెప్పుల కింద అంటుకునే ఎండ. ఆ దూరమంతా ఉత్తి కాలితో నడిచొచ్చారు. ఒక్క అడుగు కూడా కాలినట్టు తెలియలేదు.

షుగరు అప్పటికి పదిహేనేళ్ళుగా ఉంది. తొంభైల్లో మావైపు షుగరంటే కాఫీలో పంచదార మానేసి, పొద్దున ఒక మాత్ర వేసుకోవడమే. అది కాళ్ళలో స్పర్శను మెల్లగా తినేస్తుందని మాకు చెప్పినవాళ్ళు లేరు. ఒకవేళ చెప్పినా మేం వినిపించుకుని ఉండం. అరికాలు బొబ్బలెక్కింది, చీము పట్టింది, నెల తిరిగేసరికి ఎడమ కాలి చిటికెన వేలు తీసేశారు. కుట్లు విప్పిన రోజు సర్జను గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఈసారి వేలితో ఆగదమ్మా. ఏ కాలికైనా ఇంకో పుండు పడి మానకపోతే, మోకాలి కింద దాకా తీసెయ్యాల్సొస్తుంది. కుడి కాలు చూడండి, ఎంత చల్లగా ఉందో."

నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేశాను. నాకు కోపం ఎక్కువని మా ఊళ్ళో అందరూ అంటారు, అబద్ధం కాదు. నా విజిల్ వినపడితే బడి వెనక రోడ్డు మీద పోయే సైకిళ్ళు కూడా ఆగేవి. కానీ ఆ మాట విన్నప్పుడు నాకు కోపం రాలేదు. ముప్పై ఏళ్ళు నిలబడి బతికిన మనిషిని మంచానికి కట్టేస్తే ఆయన ఎన్నాళ్ళో ఉండరని నాకు తెలుసు.

అది చాలదన్నట్టు ఆరు నెలలకు కిడ్నీలు మొరాయించాయి.

వారానికి రెండు రోజులు, సోమవారం, గురువారం, మొదటి బస్సు పట్టుకుని అమలాపురం వెళ్ళేవాళ్ళం. ఒక ప్రైవేటు ఆసుపత్రి మేడ మీద నాలుగు మంచాలు, నాలుగు డయాలసిస్ మిషన్లు. అవి రాకముందు కాకినాడ దాకా పోవాల్సొచ్చేది, అందుకని ఆ నాలుగు మిషన్లనీ మేం దేవుళ్ళను చూసినట్టే చూసేవాళ్ళం. పొద్దుటి బ్యాచిలో నలుగురు, మధ్యాహ్నం బ్యాచిలో నలుగురు. ఒక చేతికి రెండు సూదులు గుచ్చుతారు. ఒక గొట్టంలోంచి రక్తం మిషన్లోకి వెళ్ళి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి ఒంట్లోకొస్తుంది. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. చూడ్డానికి ఫ్యాను, వినడానికి మిషను చప్పుడు, అంతే.

మా బ్యాచిలో నలుగురికీ షుగరే. మా ఆయన పక్క మంచం సరంగు గారిది. సఖినేటిపల్లి రేవులో పంటు నడిపి రిటైరయ్యారు. మనుషులతో పాటు లారీల్ని కూడా గోదారి దాటించే పంటు మీద నలభై ఏళ్ళు చేశారు కాబట్టి, మాట్లాడితే అవతలి ఒడ్డుకు వినపడేంత గొంతు. ఆయన పక్కన మామ్మగారు. అమలాపురం దగ్గర పల్లెలో మగ్గం నేసిన మనిషి, చిన్న ఒళ్ళు, పెద్ద నోరు. కిటికీ దగ్గర మంచం ఘనపాఠి గారిది. వేదం పూర్తిగా చెప్పుకున్నాయన, అందరికంటే పెద్ద. ఆయన మంచమెక్కే వరకూ మిగిలిన ముగ్గురూ మంచాలెక్కేవాళ్ళు కాదు.

ప్రతి గురువారం కాకినాడ నుంచి కిడ్నీ డాక్టరు గారొచ్చేవారు. ఒకరోజు నలుగురి పాదాలూ నొక్కి చూసి అన్నారు: "సూదులు చేతికే కదండీ, కాళ్ళకేం కట్టెయ్యలేదు కదా. మొదటి రెండు గంటలూ పాదాలు ఆడించండి. కిందికి నొక్కండి, పైకి లాగండి, వేళ్ళు ముడవండి. రక్తం ఆడుతుంది, కండ నిలుస్తుంది. తర్వాత బీపీ తగ్గుతుంది కాబట్టి అప్పుడొద్దు." కాగితం మీద బొమ్మలు కూడా వేసిచ్చారు.

"ఆయ్, అలాగేనండి," అన్నారు నలుగురూ ఒక్క గొంతుతో. మావాళ్ళు అంత మర్యాదగా ఒప్పుకున్నారంటే చెయ్యరన్నమాట. తర్వాతి సోమవారం మామ్మగారు ఆ కాగితంతో విసురుకుంటున్నారు. సరంగు గారు దాన్ని మంచినీళ్ళ గ్లాసు మీద మూత పెట్టారు.

నేను ఊరుకుంటానా? బ్యాగులోంచి విజిల్ తీశాను. మంచాల మధ్య నిలబడి, "వన్, టూ, త్రీ, ఫోర్," అని మొదలుపెట్టాను. మొదటి రోజు భయానికి చేశారు. రెండో రోజు మొహమాటానికి చేశారు. మూడో రోజు మా ఆయన కళ్ళు మూసుకుని పడుకున్నారు.

"లేవండి, కాలు ఆడించండి," అన్నాను.

"నేనేమన్నా నీ ఎనిమిదో తరగతి పిల్లనా?" అన్నారు కళ్ళు తెరవకుండానే. "తెలియని కాలు ఆడించి ఏం లాభమే? ఆడిందో లేదో కూడా నాకు తెలీదు."

సిస్టరు గారు వచ్చి, "టీచరు గారూ, విజిల్ మాత్రం వద్దండి, కింద వార్డులో గుండె పేషెంట్లున్నారు," అని చెప్పి వెళ్ళారు. ఆవిడ మంచి మనిషే, కానీ ఆ రోజు నాకు ప్రపంచంలో ఎవరి మీదా మంచి అభిప్రాయం లేదు. విజిల్ బ్యాగులో పడేసి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి సరంగు గారు పంటు కబుర్లు చెబుతున్నారు. వరదొచ్చినప్పుడు సుడి తప్పించడానికి ఎటు తిప్పేవారో, ఏ రేవులో ఇసక మేట వేసి ఉంటుందో చెబుతూ, తనకు తెలియకుండానే కాళ్ళతో పంటు ఇనప పలకను తన్నిపట్టినట్టు మంచం చివరి కడ్డీని తంతున్నారు. కబురు ఉన్నంతసేపూ పాదాలు ఆడాయి. కబురు ఆగింది, పాదాలు ఆగాయి.

నేను ముప్పై ఏళ్ళు పిల్లల చేత వ్యాయామం చేయించాను. ఆటల పీరియడంటే గెంతుకుంటూ వచ్చే పిల్లలు డ్రిల్లు పీరియడనగానే కడుపునొప్పి అనేవాళ్ళు. అంత అనుభవం పెట్టుకుని, ఈ నలుగురికీ డ్రిల్లు పెట్టానే గాని ఆట పెట్టలేదు. నా బుద్ధికి నాకే నవ్వొచ్చింది.

మామ్మగారిని అడిగాను, మగ్గంలో కాళ్ళతో తొక్కే చెక్కలు ఎలా ఉంటాయని. "గుంటలో కాళ్ళు పెట్టుకుని కూకుంటామండి. ఒకటి నొక్కితే రెండోది లేస్తాదండి. మావాడి చేత నాలుగు జతలు పంపుతానుండండి, మూల పడున్నాయి," అన్నారావిడ. చెక్కలొచ్చాయి. మంచం చివర నిలబెట్టి కట్టి, వెనక సైకిల్ ట్యూబు ముక్క బిగించాం, నొక్కితే వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలిగా. పాదం చెక్క మీంచి జారిపోకుండా కొబ్బరి తాడు చుట్టాం. మా సీమలో కొబ్బరి తాడు లేకుండా ఏ పనీ జరగదు. గేదెకీ పడవకీ పందిరికీ అదే. ఆ తాడు దగ్గరే నేను తప్పు చేశానని నాకు తర్వాత తెలిసింది.

మొదట చెక్కకు ఎద్దుల మువ్వలు కట్టాను. ఒక్క పూట కూడా సాగలేదు. మువ్వల చప్పుడులో మిషను అలారం వినపడక సిస్టరు గారు పరుగెత్తుకొచ్చి అన్నీ విప్పించారు. బడిలో నా ఆటల పెట్టె గుర్తొచ్చింది. అందులోంచి నాలుగు రంగుల జెండాలు అడిగి తెచ్చాను. చెక్కకు ఒక దారం, దారానికి జెండా. పాదం నిండుగా నొక్కితే జెండా మంచం మీదికి లేస్తుంది. అరకొరగా నొక్కితే లేవదు. జెండా లేస్తేనే లెక్క.

గోడకు అట్ట మీద గోదారి గీశాను. ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గర గొడవ వచ్చింది. "వాడపల్లి స్వామి పేరు చెప్పుకుని అక్కణ్ణుంచి మొదలెట్టండమ్మా," అన్నారు ఘనపాఠి గారు. సరంగు గారు చాలాసేపు మొహమాటపడి, "వాడపల్లి గౌతమి పాయ మీదుందండి. అక్కడెక్కితే అంతర్వేది చేరరండి," అన్నారు. ఆయన చెప్పిన ప్రకారం గోపాలపురంలో మొదలుపెట్టి, గన్నవరం, దిండి, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేదిలో సముద్రం దాకా వశిష్ఠ గోదారి వేశాను. మధ్యలో ఆయన చెప్పిన చిన్న రేవులన్నీ పెట్టాను. నలుగురికీ నాలుగు కాగితం పడవలు. ఇరవై జెండాలు లేస్తే పడవ ఒక రేవు ముందుకు. డాక్టరు గారు చూసి నవ్వి, "కానివ్వండి, చెయ్యి మాత్రం కదలకూడదు," అన్నారు.

పందెం మొదలైంది. నాకు బడిలో స్పోర్ట్స్ డే నాటి ఉత్సాహం వచ్చింది. సరంగు గారు అలవాటైన నీళ్ళు కాబట్టి గబగబా గన్నవరం చేరారు. మామ్మగారు మగ్గం తొక్కిన కాళ్ళతో ఆయన వెనకే ఉన్నారు. మా ఆయన కూడా చూద్దామన్నట్టు నాలుగు జెండాలు లేపారు. ఘనపాఠి గారి పడవ గోపాలపురం దాటి ఒక్క రేవు వెళ్ళింది.

అప్పుడు సరంగు గారి జెండా ఆగిపోయింది.

"ఏమైందండీ, కళ్ళు తిరుగుతున్నాయా?" అన్నాను కంగారుగా.

"అబ్బే, అదేం లేదండి. అయ్యగారు రావాలి కదండీ."

మామ్మగారి జెండా కూడా దిగిపోయింది. "పెద్దాయన్ని దాటేసి ఎలిపోతే బాగుంటాదేటండీ," అన్నారావిడ. మా ఆయన అయితే వెంటనే కాలు ఆపేశారు, సాకు దొరికిందని. ఘనపాఠి గారు తల తిప్పి చూశారు. "నా కోసం ఆగేరా? ఎంత మాట. మీరు కానివ్వండి, నా మూలంగా మీకు ఆలస్యమవుతోంది," అని ఆయన కూడా ఆపేశారు.

"మీరు ముందు కానివ్వండి."

"అబ్బే, మీరు కానివ్వండి."

"పర్లేదండి, మీరే."

గోదారి మధ్యలో నాలుగు పడవలు ఒకదానికొకటి నమస్కారాలు పెట్టుకుంటూ నిలబడిపోయాయి. ఆ రోజు ఇంకొక్క జెండా లేవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళిళ్ళలో మావాళ్ళు ఇలాగే ఒకరినొకరు ముందు కూర్చోమని బతిమాలుకుని, కూరలు చల్లారబెట్టుకుంటారు. మర్యాదకు నేను వ్యతిరేకిని కాదు గాని, కాళ్ళు పోతుంటే కూడా మర్యాదేనా?

మూడు వారాలు అదే తంతు. నేను తిట్టాను, బతిమాలాను. ఘనపాఠి గారి పడవను దొంగతనంగా రెండు రేవులు ముందుకు జరిపితే ఆయనే కనిపెట్టి, "ఇది నా కష్టం కాదమ్మా," అని వెనక్కి పెట్టించారు.

నాలుగో వారం మధ్యాహ్నం బ్యాచివాళ్ళు మెట్ల మీద ఎదురయ్యారు. వాళ్ళు వస్తున్నారు, మేం దిగుతున్నాం. "నమస్కారమండీ, బాగున్నారా, భోజనాలయ్యేయా," అని అటూ ఇటూ బోలెడు పలకరింపులు. పది మెట్లు దిగాక మామ్మగారు నా చెవిలో అన్నారు: "ఆ బ్యాచోళ్ళు మన మంచాలు ఎలా వదిలేసి పోతారో చూసేరా అండీ. దుప్పట్లు సర్దరు." వెనక నుంచి సరంగు గారు, "కబుర్లకి మాత్రం తక్కువ లేదండి," అన్నారు. ఘనపాఠి గారు చిరునవ్వు నవ్వారు.

నేను మెట్టు మీదే ఆగిపోయాను. వీళ్ళ మర్యాద ఎదురుగా ఉన్న మనిషికే.

తర్వాతి సోమవారానికి గోడ మీద నాలుగు పడవలూ పీకేసి రెండే పెట్టాను. ఎర్ర పడవ పొద్దుటి బ్యాచిది. పచ్చ పడవ మధ్యాహ్నం బ్యాచిది. చెక్కలు రెండు బ్యాచులకీ అవే. నలుగురి జెండాలూ కలిపి ఒకే లెక్క, వెయ్యి లేస్తే ఒక రేవు, లెక్క సిస్టరు గారు రాస్తారు. నేను ఇంకేం చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.

పడవ ఒక్కటే అయితే అందరూ కలిసి తొక్కాలని, ఎవరి తాళానికి వాళ్ళు తొక్కితే కుదరదని సరంగు గారన్నారు. "తాళం ఎవరు వేస్తారండీ? నాకు ఆయాసం."

ఆ మూల మంచం మీంచి ఒక గొంతు వచ్చింది. నేను పెళ్ళయిన కొత్తలో బస్సులో విని, ఈయనేనా మా ఆయన అని సిగ్గుపడ్డ గొంతు.

"రై...ట్."

నాలుగు జెండాలు లేచాయి.

"హోల్డాన్."

నాలుగు జెండాలు దిగాయి.

రైట్ అంటే నొక్కడం, హోల్డాన్ అంటే వదలడం. రెండేళ్ళుగా ఆ గొంతు ఇంట్లో మంచినీళ్ళు అడగడానికి కూడా లేవలేదు. గన్నవరం రాగానే, "గన్నారం, గన్నారం, దిగేవాళ్ళు ముందుకు రండి," అన్నారు. మామ్మగారు పకపకా నవ్వారు. సిస్టరు గారు మందుల ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. నేను గోడ వైపు తిరిగి, పడవ సరిచేస్తున్నట్టు నటిస్తూ కళ్ళు తుడుచుకున్నాను.

ఆ తర్వాత రెండు నెలలు నా జీవితంలో మంచి రోజుల్లోకే వస్తాయి. మంచమెక్కగానే ముందు గోడ వంక చూసేవాళ్ళు. "పచ్చ పడవ ఎక్కడిదాకా వచ్చిందండీ?" అన్నదే మొదటి మాట. మెట్ల మీద ఎదురైతే యథాప్రకారం నమస్కారాలే. మంచమెక్కాక మాత్రం, "దిండి దాటనివ్వకూడదండి వాళ్ళని," అనేవారు మామ్మగారు. ఘనపాఠి గారు ఒకరోజు, "పరుల పరాజయం కోరుకోకూడదు," అని, ఒక్క క్షణం ఆగి, "మనం మాత్రం కొంచెం గట్టిగా నొక్కుదాం," అన్నారు.

ఆ గట్టిగా నొక్కడం దగ్గరే దెబ్బ తగిలింది.

ఒక గురువారం, ఆట అయ్యాక చెక్కలు విప్పుతుంటే మా ఆయన కుడి కాలి కింద దుప్పటి మీద ఎర్రగా కనపడింది. తాడు తీసి చూశాను. కొబ్బరి పీచు మడమ పైన చర్మాన్ని రెండంగుళాల మేర కోసేసింది. ఎప్పుడు మొదలైందో ఏమో, నిండుగా నొక్కినప్పుడల్లా కోస్తూనే ఉంది. ఆయన రైట్ రైట్ అంటూనే ఉన్నారు. తెలియని కాలికి పీచు తాడు కట్టింది నేను. గేదెకి కూడా మెడకు గుడ్డ చుట్టి అప్పుడు కడతాం.

సర్జను గారు గాయం చుట్టూ నొక్కి చూశారు. "ఇది కుడి కాలమ్మా," అన్నారు. కట్టు కట్టారు. నెల రోజులు చూద్దామన్నారు. మానే దారిలో పడకపోతే ఏం చెయ్యాలో ముందే చెప్పాను కదా అన్నారు.

ఆ సోమవారం నేను చెక్కలన్నీ గోనెసంచిలో వేసి మంచం కిందికి తోశాను. గోడ మీద అట్ట పీకబోయాను. "నా వల్లే ఇదంతా," అన్నాను. "డ్రిల్లు టీచర్నని పొగరు. చదువుకున్న డాక్టరు నోటితో చెప్పి ఊరుకున్నదాన్ని నేను ఆట చేశాను."

మా ఆయన నావంక చూశారు. "ఆ అట్ట అక్కడే ఉంచు," అన్నారు. "మనం దిండిలో ఉన్నాం. బస్సు మధ్యలో ఆగిపోతే ప్యాసింజర్లని రోడ్డు మీద వదిలేసి పోతామా? బాగుచేసుకుని పోతాం. తాడు చెడ్డదైతే తాడు మార్చు. ఆట మారుస్తావేంటి?"

మామ్మగారు ఆ వారమే పాత నూలు చీర చింపి, దూది పెట్టి, మెత్తటి పట్టీలు కుట్టి తెచ్చారు, ఎనిమిది పాదాలకీ. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. చెక్క కట్టేముందు, విప్పాక, ప్రతివాళ్ళ అరికాళ్ళూ చూడాలి. ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకుంటే దాస్తారు కాబట్టి, పక్క మంచం తాలూకు మనిషి చూడాలి. ఘనపాఠి గారి కాళ్ళు తను పట్టుకోవడమేమిటని మామ్మగారికి తోడొచ్చిన కోడలు వెనక్కి తగ్గితే, ఆయనే పాదాలు ముందుకు చాపి, "చూడమ్మా, నాకు కనపడవు," అన్నారు. సిస్టరు గారు ఒక చేతి అద్దం తెచ్చి గోడకు మేకు కొట్టి వేలాడదీశారు. డాక్టరు గారు పుండు ఉన్న మడమకు ఒత్తిడి తగలకుండా, వేళ్ళు మాత్రం ముడిచి విప్పేలా మా ఆయనకు వేరే చెక్క పెట్టించారు. ఆయన జెండా కొంచెమే లేచేది. దాన్నీ లెక్కలోకి తీసుకోవాలా అని నేను సందేహిస్తే, మధ్యాహ్నం బ్యాచివాళ్ళే కబురు పంపారు: "కండక్టరు గారిది సగం లేచినా నిండు కిందే లెక్కండి, మాకేం అభ్యంతరం లేదండి."

నెల రోజులు నేను రోజూ పొద్దున కట్టు విప్పేటప్పుడు ఊపిరి బిగపట్టేదాన్ని. మొదటి వారం అలాగే ఉంది. రెండో వారం అంచులు తెల్లగా ఉంటే భయపడ్డాను. మూడో వారం అడుగున ఎర్రగా, దానిమ్మ గింజ రంగులో కొత్త కండ కనపడింది. నాలుగో వారం సర్జను గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. కాలు ముట్టుకున్నారు, పైన పాదం మీద వేలుపెట్టి నాడి చూశారు.

"వెచ్చగా ఉంది," అన్నారు. "మానుతోంది. ఏం వాడేరండీ?"

"గోదారి దాటుతున్నామండి, ఆయ్," అన్నారు మా ఆయన.

ఎర్ర పడవ అంతర్వేది చేరిన రోజు సోమవారం. పచ్చ పడవ ఒక్క రేవు వెనక ఉంది. మా ఆయన మడమ అప్పటికి పూర్తిగా మానింది. చివరి ఇరవై జెండాలు ఉన్నాయనగా సరంగు గారు లేచి కూర్చోబోతే సిస్టరు గారు భుజం పట్టి పడుకోబెట్టారు. "సముద్రం వాసన వస్తోందండి," అన్నారాయన. మా ఆయన రైట్ అంటుంటే ఆ రోజు హోల్డాన్ అందరూ కలిసి అన్నారు. ఇరవయ్యో జెండా ఘనపాఠి గారిది. అందరూ ఆగి ఆయనకు వదిలేశారు. ఈసారి నేను కోప్పడలేదు. ఆయన కళ్ళు మూసుకుని, వేళ్ళు ముడిచి, నిండుగా నొక్కారు. జెండా లేచింది. నేను బ్యాగులోంచి విజిల్ తీసి ఊదాను. గుండె పేషెంట్ల సంగతి గుర్తొచ్చి సిస్టరు గారి వంక చూస్తే, ఆవిడ చప్పట్లు కొడుతున్నారు. మధ్యాహ్నం బ్యాచివాళ్ళు వచ్చి పూతరేకుల పెట్టె ఇచ్చారు. షుగరువాళ్ళకు పూతరేకులు తెచ్చినందుకు డాక్టరు గారి చేత చీవాట్లు తిని, పెట్టె సిస్టరు గారి ఇంటికి పంపించారు. తర్వాతి వారం కొత్త అట్ట మీద మళ్ళీ గోపాలపురం నుంచి మొదలుపెట్టాం. ఆ నది మీద మేం ఆరేళ్ళ పాటు తిరుగుతూనే ఉన్నాం.

మొదటిసారి అంతర్వేది చేరిన మరుసటి వారం సర్జను గారు పరీక్ష చేశారు. గేలం తీగంత సన్నటి దారం ఒకటి ఉంటుంది. కళ్ళు మూసుకోమని, దాన్ని పాదం మీద ఒక్కోచోట ఆనించి, తగిలిందా అని అడుగుతారు. వేలు తీసేసినప్పుడు కుడి పాదంలో పదిచోట్ల ఆనిస్తే రెండుచోట్లే చెప్పారు మా ఆయన. ఈసారి ఏడు చెప్పారు. సర్జను గారు నన్ను పక్కకు పిలవలేదు. అందరి ముందే, "ఈ కాలు మీదేనండి, ఎవరూ తీసుకోరు," అన్నారు.

ఆ రోజే ఇంటికొచ్చే బస్సులో. మా స్టాపు వచ్చింది. నేను ముందు దిగాను. ఆయన కడ్డీ పట్టుకుని మెల్లగా దిగారు. కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలింది. ఆయన ఒక అడుగు వేసి, రెండో అడుగు వెయ్యబోయి ఆగిపోయారు. కుడి పాదం నేలకు ఆనించి, వెంటనే పైకెత్తారు, నిప్పు తొక్కినట్టు.

"హోల్డాన్," అన్నారు.

ఆ గొంతుకు బస్సు ఆగింది. ముప్పై ఏళ్ళు ఆ రూట్లో ఆ గొంతుకే ఆగిన బస్సు అది. కండక్టరు కిందికి వంగి చూశాడు. "చెప్పు పైనే ఉండిపోయిందయ్యా. మెట్టు మీద చూడు," అన్నారు మా ఆయన. అతను చెప్పు తీసి అందించాడు. "నేల కాలిపోతోంది," అన్నారు నావైపు తిరిగి, విసుగ్గా.

నేను బస్టాపులో, పదిమంది చూస్తుండగా, భోరుమని ఏడ్చాను.

"చెప్పు దొరికింది కదే, ఏడుపెందుకు?" అన్నారాయన. ఒంగి, చెప్పు వేసుకుని, వేళ్ళతో గట్టిగా పట్టుకుని చూసుకుని, నాకంటే ముందు నడిచారు.